రెండో దిగుడు

9వ రోజు. కుర్చీ రైడ్, నా మొదటిసారి.

ముప్పై ఏళ్లుగా నేనెక్కిన ప్రతి రైడూ ఈ పుస్తకంలో రాస్తున్నాను. ఏ వరస, ఏ సీటు, గాలి ఎటునుంచి వీచింది, కడుపులో ఎలా ఉంది, అన్నీ. ఇందులో ఒక్క అబద్ధం లేదని రైడ్ల పిచ్చివాళ్లం పెట్టుకున్న పార్కు సంఘంలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఇవాళ ఒకటో రోజు పేజీ తిప్పి చూశాను. "కెరటం, ఆఖరి రోజు, ఆఖరి ట్రిప్పు. అప్పకు చెయ్యిచ్చాను" అని రాసి ఉంది. చివరి రెండు మాటలూ కొట్టేశాను. నేను ఇవ్వలేదు.

నా తర్వాత ఈ పుస్తకం సంఘానికే పోతుంది కాబట్టి వివరంగా రాస్తాను. కెరటం అంటే మా ఉప్పుటేరు పార్కులోని పాత ఇనుప రైడ్. గొలుసు టకటకలాడుతూ పెట్టెల్ని ముప్పై మీటర్ల పైకి లాగి, అక్కణ్ణుంచి సముద్రం వైపు వదిలేస్తుంది. నేను 4,112 సార్లు ఎక్కాను. ఇప్పుడు సముద్రం దాని స్తంభాల దాకా వచ్చేసింది కనుక విప్పేస్తున్నారు. అప్ప అంటే మా అక్క సూరమ్మ. మా వైపు అక్కని అలాగే అంటాం. నాకన్నా పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, ఎనిమిదో ఏట నన్ను మొదటిసారి కెరటం దగ్గరికి తీసుకెళ్లిందీ ఆవిడే. నేనెక్కాను. ఆవిడ కింద సంచులూ చెప్పులూ పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత కూడా ఎప్పుడొచ్చినా అలాగే నిలబడింది. అప్పకు భయం కాబోలు అనుకున్నాను. అడగలేదు.

మా సంఘంలో ఒక కట్టుబాటుంది. కొత్తవాళ్లను ఎక్కించినవాడు వాళ్లకు ఎడమ పక్కన కూర్చోవాలి. మొదటి దిగుడులో తన ఒళ్లోకి దించిన ఇనుప బార్ వదిలేసి వాళ్ల చెయ్యి పట్టుకోవాలి. దీన్నే చెయ్యివ్వడం అంటాం. బార్ వదలడానికి ఎంత పాతకాపుకైనా గుండె జారుతుంది, అందుకే దానికి విలువ. నేను నలభై మూడు మందికి చెయ్యిచ్చాను. వాళ్లలో ఒక ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, గోళ్లు దిగేలా పట్టుకున్న లెక్కల మాస్టారు ఉన్నాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆ కథలన్నీ అప్పకు చెప్పేవాణ్ణి. ఆవిడ నవ్వుతూ వినేది.

కెరటం స్థానంలో కుర్చీలు వచ్చాయి. తలకు టోపీ పెట్టుకుని కూర్చుంటే చాలు, ఇంకొకరి ఒంట్లో నమోదైన రైడ్ మన ఒంట్లో జరుగుతుంది. కళ్లకు కనిపించే బొమ్మను కంపెనీ గీసింది, అనుభవం మాత్రం అసలు మనిషిది. ఆ మనిషి కోసమే ఇంజనీరు సుచరిత ఆర్నెల్లు వెతికింది. ఇప్పటి పిల్లలు అయిదో ఏటనుంచే కుర్చీల్లో పెరుగుతున్నారు, వాళ్ల భయం అరిగిపోయింది. "అరవై దాటి, ఒక్క రైడ్ కూడా ఎక్కని మనిషి ఎవరైనా తెలుసా అన్నా?" అని సంఘం మీటింగులో అడిగింది. మా ఇంట్లోనే ఉందని వెంటనే చెప్పేశాను. చెయ్యెత్తి మరీ చెప్పాను.

రికార్డు సంగతి ముందే తెలిస్తే భయం చెడిపోతుందని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. సుచరిత అలా అనలేదు. ఒప్పుకోలు కాగితం మీద "చదివి వినిపించాను" అన్న చోట నేనే సంతకం పెట్టాను. అప్పకు మాత్రం "ఆఖరి రోజు కదా, నాతో ఎక్కు" అన్నాను. ఆవిడ ట్రంకుపెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసింది. టోపీ పెడుతుంటే "అందరికీ ఎట్టరేటి?" అని అడిగింది. పెద్దవాళ్లకే పెడతారని చెప్పాను. టోపీలోంచి అప్ప భయం ఎంతో చూపించే మీటరు నా మణికట్టుకు కట్టారు. ముల్లు ఎర్రగీత దాటితేనే రికార్డు పనికొస్తుంది. పెట్టె కొనమీదకి చేరినప్పుడూ, కిందికి జారినప్పుడూ నేను ఆ ముల్లునే చూస్తున్నాను. ముల్లు దాటింది. కిందికొచ్చాక బాగుందా అని అడిగితే బాగుందిరా అంది.

ఇవాళ కుర్చీలో కూర్చున్నాను. గొలుసు లాగుతుంటే నా ఒంట్లోకి వచ్చింది భయం కాదు, సంబరం. ఇన్నాళ్లకు నన్నూ ఎక్కించాడన్న చిన్నపిల్ల సంబరం. భయం దాని వెనక వచ్చింది. దిగుడు మొదలవగానే నా తల దానంతటదే ఎడమకు తిరిగింది. ఎడమచెయ్యి బార్ వదిలి పక్కకు చాచుకుంది, వేళ్లు విప్పుకున్నాయి. ఏమీ తగల్లేదు. కాసేపు అలాగే ఉండి, మెల్లగా వెనక్కొచ్చి మళ్లీ బార్ పట్టుకుంది. అప్పుడు కడుపులో కాదు, ఇంకా పైన, రొమ్ము దగ్గర ఏదో జారిపోయింది.

"ఎలా ఉందన్నా?" అని సుచరిత అడిగింది. బాగుందన్నాను.

12వ రోజు.

పొద్దున్నే సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాను. సముద్రం దగ్గరయ్యాక రోజూ తుడవకపోతే కాలనీకి మధ్యాహ్నానికే కరెంటు పోతుంది. తర్వాత ఉమ్మడి వంటశాలకు నీళ్ల డబ్బాలు మోశాను. అప్ప అక్కడే పనిచేస్తుంది. చేపలు కడుగుతూ ఆడవాళ్లకు కెరటం కథ చెబుతోంది, పన్నెండు రోజులుగా ఇదే కథ.

"పైకెళ్లినాక సూస్తే సముద్రం ఎంత పెద్దదనుకున్నావు! మా జోగి నా పక్కనే కూకున్నాడు. నాకేటి భయం?"

"సెయ్యిచ్చినాడేటి?" అని ఒకావిడ అడిగింది. మా సంఘం పద్ధతి కాలనీ అంతటికీ తెలుసు.

అప్ప చేప తిరగేసి రెండో వైపు గీకింది. "ఇయ్యకేటి? ఇచ్చినాడు" అంది.

నేను డబ్బా అక్కడే దింపి బయటికి వచ్చేశాను. పుస్తకంలో నేను రాసిన అబద్ధాన్నే ఆవిడా చెబుతోంది. నేను నా పరువు కోసం రాశాను. ఆవిడ కూడా నా పరువు కోసమే చెబుతోంది.

17వ రోజు. కుర్చీ రైడ్, నా ఆరోసారి.

వరస పార్కు గేటు దాటింది. సంఘంలో వాదనలు మొదలయ్యాయి. దిగుడులో అందరి తలా ఎడమకే ఎందుకు తిరుగుతోంది? ఆ చెయ్యి దేనికోసం? ఒకడు సముద్రపు గాలి అన్నాడు, ఒకడు కంపెనీ గిమ్మిక్కు అన్నాడు. పెద్ద దిగుడు అయిపోయాక రొమ్ములో జారేదానికి పేరు కూడా పెట్టేశారు, రెండో దిగుడు అని. బోర్డు మీద "రెండో దిగుడు తట్టుకోగలరా?" అని రాశారు. దాని కింద సలహాదారు బొడ్డు జోగినాయుడు అని నా పేరు.

మీటింగులో ఒకతను లేచి, "ఆ పక్క సీట్లో ఎవడైనా ఉన్నాడా అసలు? ఉంటే మనిషేనా వాడు?" అన్నాడు. అందరూ నవ్వారు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకుండా ఉండటానికి నేను కూడా నవ్వాను. అందరికన్నా ఎక్కువసేపు నవ్వానేమో కూడా.

23వ రోజు.

"జోగీ, అందరూ కుర్చీ కుర్చీ అంటన్నారు. నన్నూ ఒకపాలి తీసికెళ్లకూడదేట్రా?" అని అప్ప అడిగింది.

జీవితంలో మొదటిసారి ఆవిడ నన్ను ఒక రైడ్ అడిగింది. బీపీ ఉన్నవాళ్లను ఎక్కనివ్వరని చెప్పాను. ఇది మరో అబద్ధం.

"అసలు కెరటానికి నేని బీపీ అడ్డం, కుర్చీకి వచ్చిందేటి?" అంది. మళ్లీ తనే, "సర్లే, రూలంటే రూలే. అడగందే అమ్మైనా ఎట్టదంటారని అడిగినాను. ఇన్నాళ్లూ కెరటం కూడా అడగనేదు, నువ్వే ఎక్కించినావు" అంది.

చిన్నప్పుడు భయపడేదానివా అని అప్పుడు అడిగాను. నలభై నాలుగేళ్లు ఆలస్యంగా అడిగాను.

"భయమేటి? రెండు టికెట్లకి సరిపోక. తరవాత అలవాటైపోనాది."

26వ రోజు. ఏమీ ఎక్కలేదు.

పాత రైడ్ల మీదా కొత్త రైడ్ల మీదా సంఘం పత్రికకు వ్యాసం రాయమన్నారు. ఎప్పుడూ రాసేదే కదా అని కూర్చున్నాను. పాత రైడ్‌లో ఎండలో గంట నిలబడాలి, ముందువాడి తలనూనె వాసన భరించాలి, ఆపరేటరు మన బార్‌ని రెండుసార్లు గట్టిగా కుదిపి చూసేదాకా ఊపిరి బిగబట్టాలి. కుర్చీలో ఈ బాధలేవీ లేవు. వానొచ్చినా ఆగదు, తుప్పు పట్టదు. మోకాళ్లు పోయినవాళ్లు కూడా ఎక్కొచ్చు. ఇదంతా రాశాను, బాగానే వచ్చింది.

ఆ తర్వాత కలం ఆగింది. పాత రైడ్‌లో ఎవరి భయం వాళ్లదే. పక్కసీటులో మనిషికి ఏమవుతోందో మనకు తెలియదు. ముప్పై ఏళ్లు పాత రైడ్లంటే నాకు అంత ఇష్టం ఎందుకో ఇప్పుడు అనుమానంగా ఉంది. అవి నన్నేమీ తెలుసుకోమనలేదు. కెరటం మీద అప్ప పక్కనే కూర్చుని కూడా ఆవిడ చెయ్యి చాచిందని నాకు తెలియలేదు. తెలుసుకోవడానికి ఒక కుర్చీ కావలసి వచ్చింది. ఇది రాస్తే ఆ పక్కసీటు మనిషి పేరు చెప్పాల్సి వస్తుందని వ్యాసం పంపలేదు. ఒంట్లో బాగా లేదని కబురు చేశాను.

ఒప్పుకోలు కాగితం నకలు తీసి చదివాను. సంతకం పెట్టేముందు చదవని కాగితం. నలభై రోజుల్లోగా అనుభవం ఇచ్చిన మనిషి స్వయంగా వచ్చి వద్దంటే చెరిపెయ్యాలి. నలభై దాటితే ఇక కంపెనీదే, మరో పన్నెండు పార్కులకు పంపిస్తారు. అప్పకు ఆ హక్కు ఉందని చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకా పద్నాలుగు రోజులున్నాయి కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకు కూడా సిగ్గుగా ఉంది.

31వ రోజు.

చెబుదామని కూర్చున్నాను. అప్ప పప్పు ఏరుతోంది. "అప్పా" అన్నాను. "ఏటి?" అంది. పలకల ఉప్పు గురించి మాట్లాడాను.

36వ రోజు.

పార్కు గేటు దగ్గర ఒకాయన నన్ను పట్టుకున్నాడు. యాభై ఏళ్లుంటాయి, మత్స్య ట్యాంకుల్లో పనట. బోర్డు మీద పేరు పక్కనున్న నా ఫొటో చూసి గుర్తుపట్టాడు.

"మీరే కదండీ సలహాదారు? ఇవాళకి నూట పదకొండోసారి ఎక్కినానండి."

సంఘంలో కూడా అన్నిసార్లు ఎక్కినవాళ్లు లేరు. అంత నచ్చిందా అని అడిగాను.

"నచ్చడం కాదండి. పోయినేడు మా ఆవిడ పోయింది. ఆస్పత్రిలో అడిగింది నన్ను, సెయ్యట్టుకోమని. నాను డ్యూటీకెళ్లినాను. ఈ కుర్చీలో ఆ సెయ్యి సాపినప్పుడు అది మా ఆవిడే అనిపిస్తాదండి. ఎవులో ఒకలు అట్టుకుంటారేమో అని ఎక్కుతన్నాను." ఆగి, గొంతు తగ్గించాడు. "ఒక్కసారైనా దొరుకుతాదాండి? ఎన్నోసారికి దొరుకుతాదో మీకు తెలుస్తాది కదా?"

రికార్డు మారదని, ప్రతిసారీ అదే జరుగుతుందని చెప్పాను. ఆయన తలూపాడు. మళ్లీ వెళ్లి వరసలో నిలబడ్డాడు.

నేను ఒక్క మనిషికి అన్యాయం చేశాననుకున్నాను ఇన్నాళ్లూ.

38వ రోజు.

చెప్పేశాను. మధ్యాహ్నం వంటశాల మూసాక, గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. టోపీ దేనికో, సంతకం ఎవరిదో, బీపీ రూలు ఎవరు పెట్టారో చెప్పాను. ఆ రోజు నేను మీటరు చూస్తున్నానని, నువ్వు చెయ్యి చాచావని కుర్చీలో కూర్చున్నాకే తెలిసిందని, తెలిసి ఇరవై తొమ్మిది రోజులైందని కూడా చెప్పాను.

అప్ప తోమడం ఆపలేదు. గిన్నె కడిగి బోర్లించి ఇంకోటి తీసుకుంది.

"అయితే నన్ను నువ్వు ఎక్కించినాది దానికా?"

అవునన్నాను.

"సీర మార్సుకుని మరీ వచ్చినాను గదరా."

ఆ మాటతో నా తల వాలిపోయింది. ఏడుపొచ్చింది, కానీ ఏడ్చి ఆవిడ చేత ఓదార్పు చేయించుకోవడానికి ముఖం చెల్లలేదు. నలభై రోజుల గడువు సంగతి చెప్పాను. ఎల్లుండితో అయిపోతుందని, నువ్వొచ్చి వద్దంటే తీసేస్తారని చెప్పాను.

"ముందు ఎక్కించు. అందులో ఏటుందో నాను సూడొద్దా?" అంది.

40వ రోజు. కుర్చీ నంబరు 1. ఎక్కింది అప్ప.

మధ్యలో ఒక రోజు ఆలస్యం నాది కాదు, పార్కుకు సెలవు. సుచరితకు ముందే ఫోన్‌లో అంతా చెప్పాను. "చదివి వినిపించారని నమ్మాను అన్నా" అంది ఆ అమ్మాయి. ఇక అన్నా అని పిలవలేదు. ఇవాళ పొద్దున్న వెళితే నన్ను జోగినాయుడుగారూ అంది.

అప్ప మామూలు నేత చీరలో వచ్చింది. సుచరిత ఈసారి కాగితం మొత్తం తనే చదివి వినిపించింది. అప్ప ప్రతి ముక్కకూ ఊఁ కొట్టి విని, టోపీ పెట్టించుకుంది. నేను కుర్చీకి ఎడమ పక్క కటకటాల దగ్గర నిలబడ్డాను. అక్కడ నిలబడకూడదు, సుచరిత చూసీ చూడనట్టు వదిలేసింది.

రైడ్ మూడు నిమిషాలు. కళ్లు మూసుకున్న అప్ప ముఖంలో గొలుసు లాగుతున్నప్పటి సంబరం మొదలైంది. ఆ రోజు నా పక్కనే జరిగింది ఇదే, నేను చూడనిది. పెదాలు కొంచెం తెరుచుకున్నాయి. కొనమీదకు చేరింది, ఊపిరి ఆగింది. తల ఎడమకు తిరిగింది. చెయ్యి లేచి నా వైపు చాచుకుంది, వేళ్లు విప్పుకున్నాయి.

నా రెండు చేతులతో పట్టుకున్నాను. గిన్నెలు తోమి బండబారిన చెయ్యి. గట్టిగా పట్టుకున్నాను, నొప్పి పుడుతుందేమో అనిపించేంత గట్టిగా. ఆ చెయ్యి నా చేతుల్లో ఉండగానే వేళ్లు కాసేపు వెతికాయి. తర్వాత మెల్లగా వెనక్కి లాక్కున్నాయి. నేను వదల్లేదు, కానీ లాక్కుంటూనే ఉన్నాయి. చివరికి వదిలెయ్యాల్సి వచ్చింది. మూసిన కళ్ల కింద ఆవిడ ముఖం జారడం చూశాను.

సుచరిత టోపీ తీసింది. అప్ప కుర్చీలోనే కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇందులో ఎంతమంది కూకున్నారమ్మా ఇప్పటికి?"

"అన్ని కుర్చీలూ కలిపి లక్షా అరవై వేలు దాటారండి."

"అందరూ ఇలగే సెయ్యి సాపినారేటి?"

"చాస్తారండి. రికార్డు అంతే కదా."

"ఎవులికైనా దొరికినాదా?"

సుచరిత నావైపు చూసింది. "లేదండి" అంది.

అప్ప లేచి నిలబడింది. కోపం వస్తే ఆవిడ గొంతు తగ్గుతుంది.

"నా సంగతొగ్గీరా. అలవాటైపోనాది నాకు. అంతమంది సేత కాళీ సెయ్యి సాపించీసినావేట్రా? ఆలేం పాపం సేసినారు నీకు?" అంది. సుచరితకేసి తిరిగి, "తీసియ్యమ్మా. ఇప్పుడే తీసియ్యి. ఎక్కడ సంతకం?" అంది.

సంతకం పెట్టింది. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు చెరిపేశారు. గేటు దగ్గర వరసలో ఉన్నవాళ్లకు కుర్చీలు పనిచేయవని చెప్పారు. ట్యాంకుల ఆయన వరసలో మూడోవాడు. ఆయనకు చెప్పవలసింది నేనే అనిపించి వెళ్లి చెప్పాను. ఆయన తలెత్తి బోర్డు మీద నా పేరు చదివాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఉండబట్టలేక చెప్పాను. "అప్పా, ఇందాక నేను నీ చెయ్యి పట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను."

ఆవిడ నావైపు తిరిగింది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"నువ్వా? ఎప్పుడ్రా? నాకు తెలీనే తెలీనేదు."